బురుజు రెండుసార్లు వచ్చింది

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు ఊళ్లలో దారి చెప్పేటప్పుడు ఇప్పటికీ వినిపించే మాట ‘బురుజు కాడ’. బురుజు కాడ దిగు. బురుజు దాటినంక ఎడమ దిక్కు గల్లీ. బురుజు ఎనుక మూడో ఇల్లు. చాలా ఊళ్లలో ఆ బురుజు సగం కూలిపోయింది. నెత్తిన రావి మొలిచి, వేళ్లు రాళ్ల సందుల్లోంచి కిందికి దిగి, ఒక పక్క మట్టి జారిపోయి ఉంటుంది. కొన్నిచోట్ల దిబ్బ తప్ప ఏమీ మిగల్లేదు. చిరునామా మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే ఈ మాట వెంట కొంతదూరం నడవాలనిపించింది. నడిస్తే అది ఊరి చివర ఆగలేదు, సముద్రం దాకా తీసుకుపోయింది.

మాట అరబ్బీది. అక్కడ దాని రూపం ‘బుర్జ్’. ఎత్తయిన కట్టడం, కావలి కట్టడం అని అర్థం. అరబ్బీకి కూడా అది పుట్టింటి సొమ్ము కాదనీ, గ్రీకుల ‘పిర్గోస్’ సిరియా ప్రాంతపు భాషల మీదుగా అరబ్బుల నోటికి చేరిందనీ భాషావేత్తలు చెబుతారు. అరబ్బీలో ఈ మాటకు ఆకాశంలోనూ చోటుంది. రాశిచక్రంలోని పన్నెండు రాశులను కూడా బుర్జ్ అనే పిలుస్తారు. ఖురాన్ 85వ అధ్యాయం పేరు ‘అల్ బురూజ్’, అది బుర్జ్‌కు బహువచనం. సూర్యుడు నెలకొకటి చొప్పున దాటుకుంటూ పోయే పన్నెండు కావలి కట్టడాలుగా ఆకాశాన్ని చూసిన ఊహ అది. ఆ అర్థం మన దాకా రాలేదు. రాశులకు మనకు ముందే పేరుంది. మనకు అప్పుడు అవసరపడింది కోటగోడ మీద ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి కట్టుకు పేరు.

బుర్జ్ మన దగ్గర బురుజు ఎట్లా అయింది? మాట చివర రెండు హల్లులు ఒకదానిమీద ఒకటి పడి అట్లాగే ఆగిపోవడం మన నోటికి ఇమడదు. నడుమ ఒక ఉకారం చేరి జంటను విడదీసింది, చివర మరో ఉకారం చేరి మాటను తెలుగు చేసింది. జుల్మ్ జులుం అయిందీ, హుక్మ్ హుకుం అయిందీ, నక్ద్ నగదు అయిందీ ఇదే దారిలో. ఈ విడదీత మనం ఒంటరిగా చేసిన పని కాదు. దక్కనీ ఉర్దూ, మరాఠీ కూడా చేశాయి. మరాఠీలో ఇవాళ్టికీ ‘బురూజ్’ అనే అంటారు. ఆదిలాబాద్ సరిహద్దు సంతల్లో తెలుగు, మరాఠీ, గోండీ, ఉర్దూ ఒకే బేరంలో కలిసిపోతాయి. అలాంటి చోట ఒక మాట ఏ నోటి నుంచి ఏ నోటికి దాటిందో గీత గీసి చూపడం కుదరదు. అరబ్బీ బహువచనం ‘బురూజ్’తో మన ‘బురుజు’కు కనిపించే పోలిక మాత్రం కాకతాళీయం. దారులు వేరు.

దీనికి ముందు మనకు మాట లేదా? ఉంది. కొత్తళం. కొత్తడం అని కూడా నిఘంటువుల్లో కనిపిస్తుంది. జనం నోట్లో మాత్రం వినిపించదు. కన్నడిగులు ‘కోటె కొత్తల’ అని జంటగా ఇప్పటికీ వాడతారు. తమిళులకు ఆ మాట ఏటా ఆగస్టు 15న పత్రిక మొదటి పేజీలో కనిపిస్తుంది. చెన్నై సెయింట్ జార్జి కోట మీద ముఖ్యమంత్రి జెండా ఎగరేసే చోటును వాళ్లు ‘కోట్టై కొత్తళం’ అంటారు. అదే రోజు ఢిల్లీ వార్తను తెలుగు పత్రికలు ‘ఎర్రకోట బురుజుల మీది నుంచి’ అని రాస్తాయి. ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఇద్దరు పాత మాటను దాచుకున్నారు, మనం వదులుకున్నాం.

ఎందుకు వదులుకున్నామో నాకు తోచింది చెబుతాను. మొదటిది, కట్టడమే మారింది. ఓరుగల్లు రాతికోట చుట్టూ కాకతీయులు కట్టినవి నలుపలకల కట్టులు, విలుకాండ్రు నిలబడటానికి తగినవి. మందుగుండు వచ్చాక గోడ మూలలు ఫిరంగి దెబ్బకు పిండైపోయాయి. మూల లేని గుండ్రటి కట్టు వచ్చింది, దాని నెత్తిన ఫిరంగి తిరగడానికి వెడల్పు వచ్చింది. కొత్త వస్తువు కొత్త పేరును వెంటబెట్టుకుని దిగింది. రెండోది, కొలువు భాష. బహమనీల నుంచి ఆసఫ్‌జాహీల దాకా ఈ నేల మీద కోట పనులు, జీతాలు, జమాఖర్చులు పారసీలో, తర్వాత ఉర్దూలో నడిచాయి. కోటకు మట్టి మోసినవాడు తెలుగువాడే అయినా, మోసిన తట్టలు రాసుకున్న దఫ్తరు తెలుగుది కాదు. కూలి లెక్క ఏ భాషలో రాస్తే వస్తువు పేరు ఆ భాషలో స్థిరపడుతుంది. తమిళదేశానికి కూడా ఫిరంగులు వచ్చాయి, కొత్తళం మాత్రం పోలేదు. అందుకని రెండో కారణానికే నేను ఎక్కువ బరువు ఇస్తాను.

ఈ మాటను దాని సొంతింట్లో చూడాలంటే జగిత్యాల పోవాలి.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కోటలు చాలావరకు గుట్టల మీదివి. మానేరు ఒడ్డున ఎలగందుల, మంథని దారిలో రామగిరి ఖిల్లా, శంకరపట్నం దిక్కు మొలంగూరు. నిర్మల్ చుట్టూ గుట్టల మీద శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్. జగిత్యాల కోట అట్లా కాదు. ఊరు ఉన్న మట్టసాన ఉంది. ఎత్తు ఇవ్వని రక్షణను నీళ్లు ఇవ్వాలి కనుక దాని చుట్టూ లోతుగా తవ్వి నీళ్లు నిలిపారు. టవర్ సర్కిల్ నుంచి పాత ఊరి దిక్కు నడిచి ఖిల్లా చేరినవాడికి ఎదురయ్యేది ఊరి నడుమ ఒక దీవి. సముద్రానికి ఇంత దూరాన, కాకతీయుల చెరువుల దేశంలో, మనుషులు చేత్తో తవ్వి చేసుకున్న దీవి.

ఆ నీళ్ల చుట్టుకు మన దగ్గర మూడు పేర్లున్నాయి. అగడ్త, కందకం, పరిఖ. మూడూ మూడు దారుల్లో వచ్చినవి. అగడ్త ద్రావిడం. తమిళంలో ‘అగళ్’ అంటే తవ్వడం, ‘అగళి’ అంటే కోట చుట్టూ తవ్విన కాలువ. పాత కన్నడంలో ‘అగళ్తె’. కందకం చూడటానికి సంస్కృతంలా ఉంటుంది, చివరి ‘అం’ వల్ల ఆ భ్రమ. నిజానికి అది అరబ్బీ ‘ఖందక్’. అరబ్బీలోకి అది వచ్చింది మధ్య పారసీ ‘కందగ్’ నుంచి, అంటే తవ్వబడినది. క్రీ.శ. 627లో మదీనా నగరం చుట్టూ కందకం తవ్వమని ముహమ్మద్ ప్రవక్తకు సలహా ఇచ్చింది సల్మాన్ అనే పారసీక సహచరుడేనని ఇస్లాం చరిత్ర చెబుతుంది. పనితోపాటు పేరు కూడా పారసీక దేశానిదే. ఇక పరిఖ సంస్కృతం. ‘పరి’ అంటే చుట్టూ, ‘ఖన్’ అంటే తవ్వు. మూడు మాటలూ ఆ కాలువను ఒకే చోటు నుంచి చూశాయి. నీళ్ల వైపు నుంచి ఎవరూ చూడలేదు, రాజు వైపు నుంచి చూడలేదు. గడ్డపార వైపు నుంచి చూశారు. తవ్వింది ఎవరో ఆ మూడు పేర్లలోనూ మిగిలింది.

కోటను ఆనుకుని ఉన్న వాడను ఖిలాగడ్డ అంటారు. ఈ జోడింపు నాకు ఎంతో ఇష్టం. ఖిల్లా అరబ్బీ ‘ఖల్అ’, గడ్డ మన సొంతం. ఏటి నడిమి నేలను గోదావరి కింది జిల్లాల్లో లంక అంటారు. కృష్ణ వైపు పోతే ఆ చోటులో గడ్డ వస్తుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ గద్వాల, అలంపురం ఉన్న నేల నడిగడ్డ. నీళ్లలో కొట్టుకుపోయేవాడు బతికి బయటపడితే గడ్డన పడ్డాడంటాం. తెలంగాణ గడ్డ అని పాటల్లో పాడుకున్నప్పుడు ఆ మాటలో ఉన్నది ఉత్త మట్టి కాదు, కాళ్ల కింద నిలిచే నేల దొరికిన ధైర్యం. నీళ్ల నడుమ ఉన్న ఖిల్లా పక్కన ఖిలాగడ్డ అని పేరు పెట్టుకున్నవాళ్లు ఈ అర్థాలన్నీ తలుచుకుని పెట్టి ఉండరు. అవి ఆ మాటలోనే ఉన్నాయి, వాళ్ల నోటితో వచ్చాయి.

జగిత్యాల ఖిల్లా 18వ శతాబ్దంలోది. నిర్మల్, ఎలగందుల ప్రాంతాలను ఏలిన జఫరుద్దౌలా ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించాడనీ, ఫ్రెంచి ఇంజనీర్లు నక్షా గీశారనీ చెబుతారు. కట్టు చూస్తే ఐరోపా చేయి కనబడుతుంది. కోట నక్షత్రాకారంలో ఉంటుంది. గుండ్రటి బురుజుకు ఒక లోపం ఉంది. దాని అడుగున గోడకు ఆనుకుని నిలబడ్డ శత్రువు పక్క బురుజు మీది తుపాకీకి కనబడడు. మొదట ఇటలీవాళ్లు, తర్వాత ఫ్రాన్సులో వోబాన్ వంటివాళ్లు బురుజును బాణపు ములికిలా కోసుగా చేసి ఆ చాటును లేకుండా చేశారు. ఒక కొన మీద నిలబడ్డవాడికి పక్క కొన గోడంతా కనిపిస్తుంది, అక్కడి నుంచి ఇక్కడిదీ కనిపిస్తుంది. ఐరోపాలో దీనికి వేరే పేరుంది. మనవాళ్లు దాన్ని పట్టించుకోలేదు, కోసుగా ఉన్నదాన్నీ బురుజే అన్నారు. గుండ్రటిదాని పేరు కోసుదానికి సరిపోయింది.

ఆ బురుజుల మీద నిలబెట్టిన ఫిరంగి పేరు కూడా గమనించదగ్గదే. పారసీలో ‘ఫరంగీ’ అంటే ఫ్రాంకుల దేశంవాడు. శిలువ యుద్ధాల కాలం నుంచి పడమటి క్రైస్తవులందరినీ తూర్పువాళ్లు ఆ పేరుతో పిలిచారు. మన దగ్గర మనిషి పరంగి అయ్యాడు, అతని ఆయుధం ఫిరంగి అయింది. ఫ్రాన్సు అనే దేశం పేరూ ఆ ఫ్రాంకులదే. ఫ్రెంచివాళ్లు గీసిన కోట మీద ఫిరంగిని ఎక్కించినప్పుడు ఆ పేరు తన ఇంటివాళ్ల మధ్యనే కూర్చుంది.

ఊరి పేరు మీద ఒక కథ తిరుగుతుంటుంది. ఆ ఇంజనీర్లు ఇద్దరి పేర్లు జాక్, తాల్ అనీ, రెండూ కలిసి జగిత్యాల అయిందనీ అంటారు. పుస్తకాల్లో కూడా ఎక్కింది. నేను దీన్ని ఒప్పుకోను. పక్కనే మల్యాల ఉంది. గోదావరి దాటితే మంచిర్యాల. దక్షిణాన నంద్యాల. ‘యాల’ అనే తోక ఉన్న ఊళ్లన్నీ తాల్ దొర కట్టినవి కావు. జగిత్యాల ఆ వరుసలోని ఊరు, కోటకన్నా పాతది. పక్కనున్న పొలాస ఒకప్పటి పొలవాస. ఆ సీమను ఏలిన మేడరాజు, జగద్దేవుల మీద కాకతీయులు గెలిచారని కాకతి రుద్రదేవుడి 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చెబుతుంది. ‘జగ’ అనే మొదటి భాగాన్ని ఆ జగద్దేవుడితో కలిపేవాళ్లున్నారు. ఇద్దరు ఇంజనీర్ల పేర్లు అతికించడం కన్నా ఆ దారి నాకు నమ్మదగ్గదిగా తోస్తుంది. ఒక ఊరి పేరును దాని ఇరుగుపొరుగు ఊళ్లతో కలిపి చదవాలి. విడిగా తీస్తే ఏ కథనైనా మోస్తుంది.

జగిత్యాలలో నడిచేటప్పుడు టవర్ నుంచి బురుజుకు పోతాం. రెండు మాటలకూ మూలార్థం ఒకటే. ఒకటి ఇంగ్లీషువాళ్లతో వచ్చింది, ఒకటి తురకలతో వచ్చింది. జనం మాత్రం రెంటినీ ఎప్పుడూ కలపలేదు. టవర్‌కు గడియారం ఉంటుంది, బురుజుకు తుపాకీ కంత ఉంటుంది. ఇప్పుడు టవర్‌కు ఇంకో అర్థం కూడా వచ్చింది. ఫోను చేతబట్టుకుని డాబా ఎక్కి ‘టవర్ వస్తలేదు’ అంటే సంకేతం అందడం లేదని. కరీంనగర్‌లోనూ టవర్ సర్కిల్ ఉంది, దానితోపాటు ఊరి గుర్తుగా కమాన్ ఉంది. కమాన్ పారసీలో విల్లు. విల్లులా వంగిన ద్వారబంధానికి ఆ పేరు వచ్చింది. బస్సు దిగేవాళ్లకు అది విల్లూ కాదు, ద్వారమూ కాదు, అదొక స్టాపు. ఇట్లా అర్థం అరిగిపోవడం మాటకు నష్టమని నేననుకోను. రోజూ వందలమంది నోళ్లలో నలిగే మాటే అరుగుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో పేట్లబుర్జు అంటే ఇవాళ ప్రసూతి ఆసుపత్రి. బురుజు పేరు మిగిలిన చోట పిల్లలు పుడుతున్నారు. ఇంతకన్నా మంచి అర్థ పరిణామం ఏ మాటకు దొరుకుతుంది!

ఎలగందుల సంగతి వేరు. అది ఒకప్పుడు జిల్లాకే పేరు. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. కచ్చేరీలు, వకీళ్లు, బజారు అన్నీ వెళ్లిపోయాయి. గుట్ట మీద గోడలు, బురుజులు, ఒకదాన్ని ఊపితే రెండోది కదులుతుందని చెప్పుకునే జంట మినార్లు మిగిలాయి. కింద ఇప్పుడు దిగువ మానేరు జలాశయం. ఊరు వెళ్లిపోయిన కోటలో ఏది ఎక్కడుందో చెప్పడానికి బురుజు అవసరపడదు. దారి అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. మాట బతకడానికి చుట్టూ గల్లీలు ఉండాలి. నిర్మల్‌లో దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. 1860లో రాంజీ గోండును, ఆయన వెంట తిరగబడ్డవాళ్లను ఉరితీశారని చెప్పుకునే మర్రిచెట్టు ఇప్పుడు లేదు. ‘వెయ్యి ఉరుల మర్రి’ అనే పేరు ఉంది. జనం ఆ పేరు పలుకుతున్నారు కనుక చెట్టు లేని చోట కూడా ఆగి చూస్తున్నారు.

పల్లె బురుజులు రాజులవి కావు, అందుకే వాటి మీద నాకు ఎక్కువ మమకారం. 18, 19 శతాబ్దాల్లో దోపిడి దండులు ఊళ్ల మీద పడే కాలంలో ఊరు తనకోసం తాను కట్టుకున్నవి చాలా ఉన్నాయి. రాయి దొరికిన చోట రాయి, గానుగలో రుబ్బిన డంగు సున్నం. రాయి దొరకని చోట ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కి లేపిన గోడ, అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. కొన్నింటికి తలుపు నేల మీద ఉండదు, నిచ్చెన వేసుకుని ఎక్కి నిచ్చెన లోపలికి లాక్కునే ఎత్తులో ఉంటుంది. పైన నిలబడితే నాలుగు దిక్కుల దుమ్ము కనబడుతుంది. దుమ్ము లేచిందంటే గుర్రాలు వస్తున్నట్టు.

మరికొన్ని బురుజులు అట్లా కాదు. అవి గడీవి. గడీ అంటే చిన్న గఢ్, చిన్న కోట. దొర ఉండే ఇల్లు కోట పేరు తగిలించుకుంది, కోట అన్నాక మూలకొక బురుజు ఉండాలి. ఇక్కడ బురుజు మీది మనిషి ఊరి బయటికి చూడలేదు, ఊరిలోకే చూశాడు. గడీ గోడలు లేపింది వెట్టి చేతులు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలమంది రైతుకూలీలు కదిలిన ఊరేగింపును జనం ‘జైత్రయాత్ర’ అన్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తర్వాతి ఏళ్లలో చాలామంది దొరలు గడీలకు తాళం వేసి పట్నం చేరారు. కొన్ని గడీలు కూలాయి, కొన్ని బడులయ్యాయి. ‘బురుజు’ అనే మాటలో ఊరిని కాచినదానికీ ఊరిని భయపెట్టినదానికీ తేడా లేదు. ఆ తేడా తెలియాలంటే ఆ ఊరి ముసలివాళ్లను అడగాలి.

సరిగ్గా ఆ కాలంలోనే ఇంకో ప్రయాణం మొదలైంది. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టుబడి పనులు పుంజుకున్నాయి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ నుంచి మనుషులు బొంబాయి మీదుగా విమానం ఎక్కారు. సౌదీ పోయినా, మస్కట్ పోయినా, కువైట్ పోయినా ఊరు ఒక్కటే మాట అంటుంది: ‘దుబాయి పోయిండు’. దుబాయిలో వాళ్లకు ఎదురైన మాట బుర్జ్.

1999లో తెరిచిన బుర్జ్ అల్ అరబ్ జుమేరా తీరానికి దాదాపు 280 మీటర్ల దూరాన నీళ్లలో నిలబడింది. దాని కింద ఉన్నది సహజమైన దీవి కాదు, సముద్రంలో రాళ్లు నింపి లేపింది. జగిత్యాల ఖిల్లా నేలను తవ్వి నీళ్లు నిలిపి చేసిన దీవి. ఇది నీళ్లను పూడ్చి నేలను లేపి చేసిన దీవి. 2004లో పని మొదలై 2010 జనవరి 4న తెరుచుకున్న బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. పని ముమ్మరంగా నడిచినప్పుడు రోజుకు సుమారు 12,000 మంది పనిచేశారని లెక్క. వాళ్లలో ఎక్కువమంది దక్షిణాసియా కూలీలు. ఆ తెరిచే రోజు దాకా దాని పేరు బుర్జ్ దుబాయి. అప్పుల ఇబ్బందిలో ఆదుకున్న అబుదాబి పాలకుడి పేరు ఆ రోజు దాని మీదికి ఎక్కింది. మోసిన చేతుల పేరు ఏ బురుజు మీదా ఎక్కదు, ఆ దేశంలోనూ అంతే.

మనవాళ్లు దాన్ని ‘బుర్జ్ ఖలీఫా’ అనే అంటారు. ఊరిలోది బురుజు, అక్కడిది బుర్జ్. రెండూ ఒకే మాట అని చెబితే నాకు తెలిసిన చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం సహజమే. మొదటిసారి ఈ మాట గుర్రం మీద వచ్చింది, పాలించేవాడి నోటి నుంచి పాలితుడి నోటికి దిగింది. రెండోసారి సూట్‌కేసుతో, వీసా మీద ముద్రతో, కూలి మనిషి నోట్లో వచ్చింది. రాకపోకల దారి వేరైనప్పుడు మాట కూడా వేరే మనిషిలా కనబడుతుంది.

ఒక్క బురుజే కాదు, అరబ్బీ మొత్తంగా ఉత్తర తెలంగాణకు రెండు విడతలుగా వచ్చింది. మొదటి విడతలో కోటలు, కచ్చేరీలు, పన్నుల వెంట జిల్లా, తాలూకా, వకీలు, జప్తు, జామీను వచ్చాయి. రెండో విడతలో ఆకామా వచ్చింది, నివాస అనుమతి పత్రం. కఫీల్ వచ్చాడు, కూలీకి పూచీ ఉండి అతని రాకపోకలను గుప్పిట పెట్టుకునే యజమాని. జామీనుకూ కఫీల్‌కూ అరబ్బీలో అర్థం దాదాపు ఒకటే, పూచీదారు. ఆ పూచీ ఒకప్పుడు కచ్చేరీలో మనిషిని విడిపించేది, ఇప్పుడు ఎడారిలో మనిషిని కట్టిపడేస్తుంది. ‘ఖల్లివెల్లి’ అనే మాట ఇంకా బరువైంది. గల్ఫ్ అరబ్బీలో అది ‘పోనీ, వదిలెయ్’ అనే మామూలు విసురు. మన ఊళ్లకు వచ్చేసరికి కఫీల్‌ను విడిచి, కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకునే మనిషి పేరు అయింది. ‘మా వాడు ఖల్లివెల్లి అయిండు’ అని ఒక తల్లి అన్నదంటే ఆ ఇంటికి డబ్బు ఎప్పుడొస్తుందో, మనిషి ఎప్పుడొస్తాడో తెలియదని. ఎవరో యజమాని విసుగ్గా విసిరిన మాటలో మన ఇళ్ల దుఃఖం వచ్చి చేరింది.

మనవాళ్లు పనిచేసే బహ్రెయిన్‌లో ముహర్రఖ్ అనే దీవి పట్నం ఉంది. ముత్యాల వేటతో బతికిన ఊరు. అక్కడి పాత వీధుల వెంట 17 కట్టడాలు, తీరంలో బూ మాహిర్ కోట, సముద్రంలో మూడు ముత్యపు చిప్పల దిబ్బలు కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. సుమారు మూడున్నర కిలోమీటర్ల దారిలో నడుచుకుంటూ పోతే వర్తకుడి ఇల్లు, మునిగేవాడి ఇల్లు రెండూ వస్తాయి. మునిగేవాళ్లు పడవ యజమానుల దగ్గర ముందే అప్పు తీసుకుని, ఒక వేట కాలం అప్పు తీరక మరుసటి కాలానికి మునిగేవాళ్లు. ఆ చిన్న ఇంటిని కూడా దారిలో గుర్తుగా నిలబెట్టినందుకు ఆ పట్నం మీద నాకు గౌరవం. జగిత్యాల టవర్ నుంచి ఖిల్లా దాకా అట్లాంటి దారి వేయవచ్చు. అగడ్త పూడిక తీయవచ్చు, బురుజుల మీది చెట్ల వేళ్లు తీయించవచ్చు. దారిలో రాసి పెట్టే పలకల మీద ధంసా పేరుతోపాటు గడ్డపార పట్టినవాళ్ల సంగతి కూడా ఉండాలి. ఆ దారి చివర బొంబాయి బస్సు ఎక్కిన వాళ్ల గురించి కూడా ఒక పలక ఉండాలి.

మాటల పని అంతకన్నా తొందరగా మొదలుపెట్టవచ్చు. మొదటి విడత అరబ్బీ, పారసీ మాటల కోసం బ్రౌన్ 1854లో ఒక నిఘంటువే విడిగా వేశాడు, తెలుగులో కలిసిన పరాయి మాటల నిఘంటువు. రెండో విడత మాటలకూ అలాంటిది కావాలి. తిరిగొచ్చినవాళ్లలో ముందు వెళ్లినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటుతున్నాయి. ఎవరి దగ్గర కూర్చోవాలో కూడా ఆలోచించాలి. కట్టుబడి పనిలో ఉన్నవాళ్లు క్యాంపులో హిందీతో గడిపారు, మేస్త్రీ హిందీవాడు, వంటవాడు హిందీవాడు. డ్రైవర్లకు దారుల మాటలు, పోలీసు మాటలు తెలుసు. ఇళ్లలో పనిచేసిన ఆడవాళ్లకు వంటింటి అరబ్బీ, పిల్లలను బుజ్జగించే అరబ్బీ వచ్చు. నన్నడిగితే సౌదీ ఎడారిలో గొర్లు, ఒంటెలు కాసినవాళ్లతో మొదలుపెట్టాలి. నెలల తరబడి అరబ్బుతో తప్ప ఇంకో మనిషితో మాట లేని చోట ఉన్నది వాళ్లే. నడుమ హిందీ లేకుండా, దఫ్తరు లేకుండా, అరబ్బీని నేరుగా చెవితో విని తెలుగు నోటితో పలికినవాళ్లు వాళ్లే.